కొటేషన్ గుర్తులు కాన్వెంటు పిల్లల సొత్తా?

మన వాడల్లో కొటేషన్ అంటే అందరికీ తెలిసిన అర్థం ఒకటే. ఎస్సీ కార్పొరేషన్ లోనుకి పెట్టుకున్నప్పుడు షాపువాడి దగ్గర రాయించుకొచ్చే రేటు కాగితం. దానికోసం ఎన్నిసార్లు తిరిగామో, ఎవడికెంత ముట్టజెప్పామో మనకే తెలుసు. ఇంకో కొటేషన్ ఉంది. మాటకి ముందు రెండు, వెనక రెండు, చీమ మీసాల్లాగా వేలాడే గుర్తులు. ఇంగ్లీషు పుస్తకాల నిండా ఉంటాయి. వాటి గురించి పత్రికలో ఇన్ని పేజీలు దేనికని మన కార్యకర్తలే కొందరు మమ్మల్ని అడిగారు. "భూమి సమస్య ఉంది, శ్మశానం సమస్య ఉంది, మీరేమో కామాలు, ఫుల్‌స్టాపులు పట్టుకు కూర్చున్నారు" అన్నారు.

వాళ్ళ మాటని వాళ్ళ మాటగానే పైన పెట్టాం. ముందొక గుర్తు, వెనకొక గుర్తు పెట్టి, లోపల మన పైత్యం కలపకుండా అచ్చేశాం. మన గురించి రాసేవాళ్ళు మనకి ఆపాటి మర్యాద ఎప్పుడైనా చేశారా? పోలీసు రైటరు చేశాడా, కోర్టు గుమాస్తా చేశాడా, పట్నం పత్రికల విలేఖరి చేశాడా? భూమి కేసైనా, శ్మశానం కేసైనా ఆఖరికి ఒక కాగితం మీదే తేలుతుంది. ఆ కాగితం మీద మన నోటి మాట ఎట్లా ఎక్కిందన్నదే ఇక్కడ తగువు.

ఆ గుర్తులకి అర్థం చాలా చిన్నది. లోపల ఉన్నది అన్నవాడి మాట, బయట ఉన్నది రాసేవాడి మాట. రెండింటికీ మధ్య గెట్టు. పొలం గెట్టు జరిపితే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. మాట గెట్టు జరిపినా అంతే.

తెలుగులో ఈ పని "అని" అనే రెండక్షరాలు చేస్తాయి. తాటాకుల కాలంలో కామాలూ లేవు, కొటేషన్లూ లేవు. ఇవన్నీ అచ్చు యంత్రంతో, ఇంగ్లీషువాడితో వచ్చినవే. అయినా మన అమ్మమ్మలకి ఎదుటివాడి మాటని ఎదుటివాడి మాటగా చెప్పటం రాదా? బావి దగ్గర జరిగిన తగాదా చెప్పమనండి. "ఆయమ్మ ఏమందీ? ఇదిగో ఇట్లా అంది. నేనేమన్నానూ? ఇట్లా అన్నాను" అంటూ రెండు గొంతులతో, రెండు ముఖాలతో చెప్పుకొస్తుంది. ఎవరి మాట ఎక్కడ ఆగిందో వినేవాడికి అనుమానమే రాదు. ఏ వ్యాకరణ పండితుడూ నేర్పకుండా వచ్చిన విద్య అది. నోట ఉన్నంతసేపూ మన మాటకి ఢోకా లేదు. కాగితం ఎక్కేటప్పుడే దొంగలు పడతారు.

బడిలో దీన్ని ప్రత్యక్ష కథనం, పరోక్ష కథనం అని చెబుతారు. ఇంగ్లీషు పీరియడులో డైరెక్ట్ స్పీచ్, ఇండైరెక్ట్ స్పీచ్. పరీక్షలో మార్కుల కోసం పిల్లలు బట్టీ కొడతారు. ఒక ఉదాహరణ చూద్దాం. ద మేస్త్రీ సెడ్, "ఐ విల్ పే యు టుమారో." రేపు నేను మీకు డబ్బులిస్తానని మేస్త్రీ చెప్పిన మాట. ఇప్పుడు కొటేషన్లు ఊడబీకండి. ద మేస్త్రీ సెడ్ దట్ హి వుడ్ పే అస్ ద నెక్స్ట్ డే. 'ఐ' పోయి 'హి' వచ్చింది. 'విల్' పోయి 'వుడ్' వచ్చింది. 'రేపు' కాస్తా 'మర్నాడు' అయింది. మాట ఇచ్చినవాడు ఒక అడుగు వెనక్కి జరిగాడు, ఇచ్చిన మాట ఇంకో అడుగు జరిగింది. అన్నీ రూలు ప్రకారమే జరిగాయి, తప్పేమీ లేదు. మాస్టారు చెప్పనిది ఒకటే. ఈ మార్పిడి చేసే అధికారం కలం పట్టుకున్నవాడిది. అన్నవాడిదీ కాదు, పడ్డవాడిదీ కాదు.

ఇప్పుడు పోలీసు స్టేషన్‌కి పోదాం. ఊరి పెత్తందారు ఒకడు రచ్చబండ దగ్గర నలుగురిలో మనవాడిని పట్టుకుని, "ఏరా మాదిగోడా, నా ముందర కుర్చీలో కూర్చునేంత మొనగాడివయ్యావా?" అన్నాడనుకోండి. మనవాడు స్టేషన్‌కి పోయి అదే మాట చెబుతాడు. రైటరు వింటాడు, తల ఊపుతాడు, రాస్తాడు. ఏమని? "ఫిర్యాదిని కులం పేరుతో అసభ్య పదజాలంతో దూషించినాడు." అంతే! ఎన్ని ఊళ్ళ ఎఫ్‌ఐఆర్‌లు తిరగేసినా ఇదే వాక్యం, రబ్బరు స్టాంపు గుద్దినట్టు ఉంటుంది. ఏ కులం పేరు? ఏ పదం? 'ఏరా' ఏమైంది? కుర్చీ ఏమైంది? ఆ కుర్చీలోనే గదా కేసంతా ఉంది! మనవాడు కూర్చోవటమే వాడికి నేరమైందని చెప్పే మాట అదొక్కటే. రైటరు దాన్ని చెత్తబుట్టలో వేసి, వేలిముద్ర వేయించుకున్నాడు.

ఇది చిన్న విషయం కాదు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించారు. 2016 జనవరి 26 నుంచి సవరణ అమల్లోకి వచ్చింది. ఇప్పుడు మూడో సెక్షన్‌లో రెండు క్లాజులు మనం గుర్తుపెట్టుకోవాలి. నలుగురికీ కనబడే చోట కావాలని అవమానించటం, బెదిరించటం ఒకటి. నలుగురికీ కనబడే చోట కులం పేరు పెట్టి తిట్టటం రెండోది. రెండింటికీ ప్రాణం మాటే. ఏ మాట అన్నాడు, ఎక్కడ నిలబడి అన్నాడు, ఎవరు విన్నారు అన్నవే కోర్టు అడుగుతుంది. 2008లో సుప్రీంకోర్టు ముందుకి ఇట్లాంటి కేసే వచ్చింది. ఎఫ్‌ఐఆర్‌లో కులం మాట ఉంది. గేటు దగ్గర, కారు పక్కన నిలబడి ఉండగా అన్నారని చోటు కూడా ఉంది. గేటు నలుగురికీ కనబడే చోటేనని కోర్టు ఒప్పుకుంది. ముగ్గురు నిందితుల్లో ఇద్దరి మీద కేసు నిలిచింది. మూడోవాడు నలుగురిలో ఆ మాట అన్నట్టు ఎఫ్‌ఐఆర్‌లో లేదు కాబట్టి వాడు బయటపడ్డాడు. చూశారా! కాగితం మీద ఉన్న మాట నిలబెట్టింది, లేని మాట వదిలిపెట్టింది.

స్టేషన్‌లో మొదటి కాగితం తర్వాత రెండోది, సాక్షుల వాంగ్మూలం. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 161 సెక్షన్. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టంలో 180. ఇది ఇంకా చోద్యం. సాక్షి చెబుతాడు, పోలీసు రాస్తాడు, సాక్షి చేత సంతకం పెట్టించుకోకూడదు. పోలీసులు బలవంతాన రాయించుకుంటారేమోనన్న భయంతో పెట్టిన కట్టుబాటు అది. కానీ మన నెత్తిన ఎట్లా పడిందో చూడండి. మన పేరు మీద 'నేను, నేను' అంటూ పేజీలు నడుస్తాయి. అందులో మన మాట ఎంతో, రాసినవాడి మాట ఎంతో మనకే తెలీదు. కొన్నేళ్ళ తర్వాత కోర్టు బోనులో నిలబడి కుర్చీ మాట చెబితే, డిఫెన్సు వకీలు లేస్తాడు. "ఈ సంగతి పోలీసుల ముందు చెప్పలేదు. ఇప్పుడు అల్లుకొచ్చావు" అంటాడు. ముఖ్యమైన మాట వదిలేస్తే అదీ పొంతన లేకపోవటమే అవుతుందని చట్టం ఒప్పుకుంటుంది. వదిలేసింది పోలీసు. అబద్ధీకుడయింది మనవాడు.

బోనులో చెప్పింది కూడా మన మాటగా మిగలదు. సెషన్స్ కోర్టులో సాక్ష్యాన్ని మామూలుగా కథనంగా రాయాలని చట్టం. జడ్జీ అనుకుంటే ప్రశ్నా, జవాబూ విడివిడిగా రాయించొచ్చు. చాలా కోర్టుల్లో ఆ కథనం ఇంగ్లీషులో నడుస్తుంది. కలుపు తీసి వచ్చిన మనిషి వకీలు మొహం చూసి "అంతా అబద్ధం బాబూ" అంటుంది. కాగితం మీద ఏముంటుంది? ఇట్ ఈజ్ నాట్ ట్రూ టు సజెస్ట్ దట్! ఆ తల్లి జన్మలో అట్లా మాట్లాడదు. ఆమె చేత 'ఐ' అనిపిస్తారు, ఆమె మాటని మాత్రం తీసేస్తారు. ఇంక 'ఏరా' సంగతి చెప్పక్కర్లేదు. ఇంగ్లీషులో ఏరా లేదు, ఒరే లేదు, నువ్వు లేదు, మీరు లేదు. అందరికీ ఒకటే 'యు'. దొరనీ 'యు' అంటారు, పాలేరునీ 'యు' అంటారు. అందుకే ఆ భాష మనకి కొంచెం ముద్దు. కానీ మనల్ని తిట్టిన తిట్టుని ఆ భాషలోకి మారిస్తే తిట్టే మాయమవుతుంది. అందుకే అంటున్నాం, తిట్టుని అనువదించొద్దు. అన్నది అన్నట్టు, 'ఏరా'తో సహా, కొటేషన్లో పెట్టి, దాని పక్కన అర్థం రాసుకోమనండి.

1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్ళు ఎనిమిది మందిని చంపారు. ఆ ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ప్రాసిక్యూషన్ నేరం రుజువు చెయ్యలేకపోయిందంది. నాలుగు గుర్తులు పెడితే ఆ తీర్పు తిరగబడేదని మేం అనం. కులం బలం, డబ్బు బలం ఏమిటో మాకు తెలుసు. అయితే చూసినవాళ్ళు, కన్నవాళ్ళు, కట్టుకున్నవాళ్ళు ఇరవై ఏళ్ళపాటు చెబుతూ వచ్చిన మాట ఎవరి చేతిరాత గుండా కోర్టుకెక్కిందో మన సంఘాలు ప్రతి కేసులోనూ మొదటిరోజే అడగాలి.

ఇంక పత్రికలు. వీళ్ళ దగ్గర కొటేషన్లకి కరువు లేదు. కరువంతా న్యాయానికే. ఒకే గొడవ గురించి ఒకే వార్తలో రాస్తారు: గ్రామపెద్దలు తెలిపారు, దళితులు ఆరోపించారు. పెద్దల మాటకి గుర్తులు అక్కర్లేదు, అది సూర్యోదయం లాంటి నిజం. మన మాటకి మాత్రం నాలుగు వైపులా కంచె. ఇంకో రకం గుర్తులున్నాయి, ఒంటి గీతవి. అది ఎదుటివాడి మాటని ఎత్తి రాయటానికి కాదు, ఎత్తిపొడవటానికి. మన 'ఆత్మగౌరవం' అని రాస్తే అర్థమేంటి? వాళ్ళనుకుంటున్నారులే, మేం ఒప్పుకోలేదులే అని. మెరిట్ అన్న మాటకి ఆ గీతలు ఎప్పుడన్నా చూశారా? పరువు హత్య అన్న మాటకి చూశారా? 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో పెద్దకులం పిల్లని పెళ్ళి చేసుకున్నాడని దళిత యువకుణ్ణి ఆసుపత్రి బయట పట్టపగలు నరికించారు. తెలుగు పత్రికలు పరువు హత్య అని రాశాయి, గుర్తులు లేకుండా! ఎవరి పరువు? చంపించినవాడు చెప్పుకునే మాటని పత్రిక తన సొంత మాటగా మింగేసింది. ఒంటి గీతలు పెట్టాల్సిన చోటు ఏదన్నా ఉంటే ఆ 'పరువు' దగ్గరే.

మూడు చుక్కల సంగతి కూడా తెలుసుకోండి. కొటేషన్ మధ్యలో మూడు చుక్కలుంటే, అక్కడ కొంత మాట తీసేశారని అర్థం. మన నాయకుల ఉపన్యాసం అచ్చయితే మొదట ఆ చుక్కలు వెతకండి. చాలాసార్లు కత్తెర ఊరి పేరు మీదో, కులం పేరు మీదో పడి ఉంటుంది. కొందరు చుక్కలు కూడా పెట్టకుండా కోస్తారు. అది నిలువు దోపిడీ.

ఎత్తి రాయటం ఎట్లాగో చూడాలంటే బాబాసాహెబ్ దగ్గర చూడాలి. 1936లో లాహోరు జాత్-పాత్-తోడక్ మండల్ వాళ్ళు అధ్యక్షోపన్యాసానికి పిలిచారు. రాసిన ఉపన్యాసం చూసి గుండెలు జారిపోయి, కొన్ని చోట్ల మార్చమన్నారు. కామా కూడా మార్చనని ఆయన జవాబు రాశాడు. కామా! మన కార్యకర్తలు చిన్నచూపు చూసే ఆ కామా గురించే. సభ జరగలేదు. ఆయన తనే 'కులనిర్మూలన' పేరుతో 1,500 ప్రతులు అచ్చేస్తే రెండు నెలల్లో అయిపోయాయి. మండల్ వాళ్ళతో నడిచిన ఉత్తరాలు కూడా ముందు పెట్టాడు. తర్వాత గాంధీ 'హరిజన్' పత్రికలో ఆ పుస్తకాన్ని విమర్శించాడు. 1937 కూర్పులో బాబాసాహెబ్ ఏం చేశాడు? గాంధీ రాసినదాన్ని అనుబంధంగా అచ్చేసి, దాని పక్కనే తన జవాబు పెట్టాడు. ఎదుటివాడి మాటని నరకలేదు, వంచలేదు, నిలబెట్టి కొట్టాడు. మనల్ని ఆరోపించారనే మాటతో సరిపెట్టే పెద్దమనుషులు ఈ పద్ధతి ఎప్పుడన్నా పాటించారా?

ఈ మాట ఎత్తగానే మాతృభాషాభిమానులు లేస్తారు. ఇంగ్లీషు వస్తే తెలుగు చస్తుందంటారు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఒకటో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియం అంటే ఎంత గగ్గోలు పెట్టారో చూశాం. 2020లో హైకోర్టు ఆ జీవోలు కొట్టేస్తే ఎంత సంబరపడ్డారో అదీ చూశాం. వాళ్ళ పిల్లలు ఏ మీడియంలో చదివారో, మనవలు ఏ దేశంలో ఉన్నారో అడగొద్దు, కోపమొస్తుంది. 1854లోనే సావిత్రిబాయి ఫూలే ఇంగ్లీషు నేర్చుకోమని శూద్రాతిశూద్రులకి పద్యాలు కట్టింది. తెలుగు మనదే. పొలంలో, పాటలో, తిట్టులో దాన్ని బతికించింది మనమే. రెండో భాష కూడా కావాలంటే ద్రోహమా?

కాబట్టి రాత్రి బడులు నడిపే సంఘాలకీ, హాస్టలు పిల్లలకీ చెబుతున్నాం. ఏబీసీడీలు, రైమ్సు దగ్గరే ఆగొద్దు. వాక్యం మొదటి అక్షరం పెద్దది, చివర చుక్క. 'ఐ' అంటే నేను, వాక్యంలో ఎక్కడున్నా పెద్దక్షరమే. పాలేరు రాసినా పెద్దక్షరమే. పెద్దక్షరం చిన్న విషయం అనుకోకండి. అమెరికా నల్లవాళ్ళు తమ జాతి పేరుని పెద్దక్షరంతో రాయమని ఏళ్ళ తరబడి పోరాడితే న్యూయార్క్ టైమ్స్ 1930లో ఒప్పుకుంది. 'బ్లాక్' అన్న మాటకి అసోసియేటెడ్ ప్రెస్ ఆ పెద్దక్షరం ఇచ్చేసరికి 2020 వచ్చింది.

కొటేషన్ పెట్టే తీరు చెబుతాం. అన్నాడు అన్న మాట తర్వాత కామా. తర్వాత గుర్తు తెరవాలి. లోపలి మాట పెద్దక్షరంతో మొదలవ్వాలి. మాట అయిపోగానే గుర్తు మూయాలి. మూయటం మరిచిపోతే కింద మీరు రాసిందంతా వాడి నోట్లోకి పోతుంది. లోపలివాడు ప్రశ్న అడిగితే ప్రశ్న గుర్తు లోపలే. చుక్క దగ్గర మాత్రం అమెరికావాళ్ళు ఎప్పుడూ లోపలే పెడతారు, బ్రిటిషువాళ్ళు అర్థాన్ని బట్టి లోపలో బయటో పెడతారు. ఏదో ఒకటి పట్టుకోండి, మార్కులు కోసే మాస్టారితో వాదించండి. ఒకడి మాటలో ఇంకొకడి మాట వస్తే బయట జంట గుర్తులు, లోపల ఒంటి గుర్తులు. మనిషి మారితే పేరా మారాలి. ఒకే మనిషి మాట చాలా పేరాలు నడిస్తే ప్రతి పేరా మొదట్లో గుర్తు తెరవాలి, ఆఖరి పేరాలోనే మూయాలి. పెద్ద పిటీషన్లలో ఇది బాగా పనికొస్తుంది. మిగతా గుర్తుల్లో అపాస్ట్రఫీ ఒక్కటి తప్పకుండా నేర్పండి. ఆ గీత 'ఎస్' ముందుంటే ఒక కూలీ జీతం, 'ఎస్' తర్వాతుంటే కూలీలందరి జీతం. లేబరు ఆఫీసులో ఆ తేడా తెలుస్తుంది.

కొటేషన్లు నేర్చుకునే పాఠం మేస్త్రీ మాటతో కాదు, స్టేషన్ కాగితంతో మొదలుపెట్టండి. ఒకరు ఫిర్యాది, ఒకరు రైటరు, ఇద్దరు సాక్షులు. ఫిర్యాది చెప్పాలి, రైటరు రాయాలి, చదివి వినిపించాలి. మాట మారితే పిల్లలే పట్టుకోవాలి. నిజం స్టేషన్‌లో కూడా చట్టం ఇదే చెబుతోంది. సవరించిన చట్టంలో నాలుగో సెక్షన్ ప్రకారం నోటితో చెప్పిన ఫిర్యాదుని రాశాక, సంతకానికి ముందు చదివి వినిపించాలి. కాపీ వెంటనే ఇవ్వాలి. కావాలని ఎగ్గొట్టిన ఆఫీసరుకి, వాడు ఎస్సీ, ఎస్టీ కానివాడైతే, ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు రాసి ఉంది. దానికి ముందు శాఖాపరమైన విచారణ సిఫార్సు కావాలన్న మెలిక పెట్టారనుకోండి, అయినా సెక్షన్ పేరు చెబితే రైటరు చెయ్యి కొంచెం తడబడుతుంది. అన్నిటికన్నా మంచిది, ఇంట్లోనే రాసుకుని పోవటం. అన్న మాట అన్నట్టు గుర్తుల మధ్యన, అన్న చోటు, అన్న వేళ, విన్నవాళ్ళ పేర్లు. రెండు కాపీలు తీసి, ఒకదాని మీద ముట్టినట్టు ముద్ర వేయించుకోండి.

వచ్చే సంచికలో ఒక ఫిర్యాదు నమూనా తెలుగులో, ఇంగ్లీషులో పక్కపక్కన వేస్తాం. మీ దగ్గర పాత ఎఫ్‌ఐఆర్ కాపీలుంటే పేర్లు, ఊరు కొట్టేసి పంపండి. రైటరు రాసింది ఒక పక్క, మీరు నిజంగా చెప్పిన మాట ఇంకో పక్క రాయండి. చేతిరాత బాగోలేదని సిగ్గుపడొద్దు. మేం చదువుకుంటాం.